బ్రాంచి లేని కాలేజీకి అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: అయ్యా, మాది కావలి. ట్రంకు రోడ్డులో ఎరువుల షాపు నడుపుతున్నాను. ఒక్కతే కూతురు, నెల్లూరులో హాస్టల్లో ఉండి 12వ తరగతి రాసింది. లెక్కల్లో గట్టిది, కానీ చేతిలో ఎప్పుడు చూసినా చరిత్ర పుస్తకమే. వాళ్ల టీచరమ్మ సాయంతో తనే అమెరికా కాలేజీలకు అప్లై చేసుకుంది. ఐయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ కాలేజీ అనే చోట సీటొచ్చింది. ఖర్చులో ఎక్కువ భాగం వాళ్లే భరిస్తారట, మా మీద పడేది ఏడాదికి ఎనిమిది లక్షల దాకా. అది లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అట. బ్రాంచి ఏంటమ్మా అంటే "రెండో ఏడాది చివర్లో చెప్తాను నాన్నా" అంటోంది. మా బావమరిదేమో "బీఏ చదవడానికి అమెరికా దాకా ఎందుకు బావా, చెన్నైలో సీఎస్‌ఈ సీటు కట్టేయ్" అంటున్నాడు. యూనివర్సిటీ కాకుండా ఉత్త కాలేజీ ఏంటి? ప్రైవేటువాళ్లు ఊరికే డబ్బు ఎందుకిస్తారు? పదివేల మంది కూడా లేని ఊళ్లో ఆడపిల్ల ఎలా ఉంటుంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కావలి

సమాధానం: మీ బావమరిదిగారి మాట దగ్గరే మొదలుపెడతాను. అది ఆయన ఒక్కరి మాట కాదు, మన జిల్లాలో ఏ పెళ్లిపందిట్లో కూర్చున్నా వినపడేదే. ఆయనకు ఈ సంగతి చెప్పండి. గ్రిన్నెల్ కాలేజీ ఎవరికైనా ఇచ్చేది బీఏ పట్టానే. అక్కడ ఫిజిక్స్ చదివినా బీఏ, కెమిస్ట్రీ చదివినా బీఏ, కంప్యూటర్ సైన్స్ చదివినా బీఏ. మీ షాపు బిల్లింగ్ కంప్యూటర్లోనూ ఆయన జేబులో ఫోన్లోనూ ఉన్న సిలికాన్ చిప్పును మొదట రూపొందించినవాళ్లలో ఒకడు, 1968లో ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు రాబర్ట్ నాయిస్. 1949లో ఆ కాలేజీలో చదువు ముగించుకున్న బీఏ ఆయన. రసాయనశాస్త్రంలో 1989 నోబెల్ పంచుకున్న థామస్ చెక్ 1970లో అక్కడే బీఏ. ఇద్దరూ ఆ తర్వాత పెద్ద యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేశారు, అది కూడా దాచకుండా చెప్పండి. బీఏతోనే ఎవరూ చిప్పులు చెయ్యలేదు.

అంత దూరం వెళ్లకుండానే ఇంకొకటి. ఉపరాష్ట్రపతిగా చేసిన మన వెంకయ్యనాయుడుగారు నెల్లూరు వి.ఆర్. కాలేజీలో చదివింది రాజనీతి, దౌత్య విషయాలతో డిగ్రీ. ఆ మాట అంటే మీ బావమరిదిగారు "అవి వేరే రోజులు" అంటారు. అననివ్వండి.

ఇక ఆ పేరు. లిబరల్ ఆర్ట్స్ అనగానే మనకు బొమ్మలు గీయడమో, డాన్సో, లేదంటే ఎంపీసీలో సీటు రానివాళ్లు చేరే గ్రూపో గుర్తొస్తుంది. ఇక్కడి ఆర్ట్స్‌కు ఆ అర్థం కాదు. పాతకాలపు ఐరోపాలో స్వతంత్రుడైన మనిషి నేర్వాల్సిన విద్యలు ఏడని లెక్క: వ్యాకరణం, తర్కం, మాటనేర్పు, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. అందులో సగానికి పైగా లెక్కలే, చూశారా. మనం చతుష్షష్టి కళలు అన్నప్పుడు కళ అనే మాటకు ఎంత విశాలమైన అర్థం ఉందో అక్కడా అంతే. ఈ రోజు ఆ మాటకు అర్థం, లెక్కలూ సైన్సూ సాహిత్యమూ చరిత్రా ఒకే గడప లోపల చదవడం.

మన దగ్గర అది కుదరదు. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. బీఏ అంటే హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్), బీఎస్సీ అంటే ఎంపీసీ. హిస్టరీ తీసుకున్న పిల్లాడు లెక్కల క్లాసు కిటికీ దగ్గర నిలబడినా లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. 2023లో మన రాష్ట్రంలో ఒకే మేజర్‌తో, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టుతో, నాలుగేళ్ల ఆనర్స్ వచ్చింది. కాగితం మీద మైనర్ సబ్జెక్టు ఎంచుకునే వీలు కూడా ఉంది. ఆ మైనర్ చెప్పే లెక్చరర్ ఆ కాలేజీలో ఉన్నాడా లేడా అన్నది మాత్రం చేరాకే తెలుస్తుంది.

ఒక పాత తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఆత్మకూరు వైపు నుంచి ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. లెక్కల్లో నూటికి నూరు, కానీ శాసనాల మీద పిచ్చి. చెరువుగట్ల మీద పడివున్న రాళ్ల మీది రాతలు కాగితం పెట్టి అచ్చు తీసుకొచ్చి చూపించేవాడు. "సార్, రెండూ చదవడానికి దారి ఉందా" అన్నాడు. "ముందు ఇంజనీరింగ్ చెయ్యి, శాసనాలు ఎక్కడికి పోతాయి" అన్నాను. శాసనాలు ఎక్కడికీ పోలేదు, వాడే పోయాడు. ఇప్పుడు మంచి జీతగాడే, పండక్కి ఫోన్ చేస్తాడు, ఆ రాళ్ల మాట మాత్రం ఎత్తడు. మీ అమ్మాయి సంగతి చదవగానే వాడు గుర్తొచ్చాడు. కాబట్టి నా సలహాలో కొంత మొగ్గు ఉంటుంది. అది ముందే తెలుసుకుని చదవండి.

యూనివర్సిటీ కాకుండా కాలేజీ ఏంటని అడిగారు. మీ భయమంతా అసలు అక్కడే ఉందని నాకనిపించింది. మన పద్ధతిలో కాలేజీ అంటే ఒక యూనివర్సిటీ కింద ఉండేది. నెల్లూరు జిల్లా కాలేజీలు ఒకప్పుడు తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ కింద ఉండేవి, 2008లో విక్రమ సింహపురి వచ్చాక దాని కిందికొచ్చాయి. సిలబస్ పైనుంచి వస్తుంది, పేపరు పైనుంచి వస్తుంది, పట్టా కూడా పైనుంచే. పాఠం చెప్పే మా చేతిలో ఉండేది ఇంటర్నల్ మార్కులు, అటెండెన్సు. అందుకే మనకు కాలేజీ అంటే కింది మెట్టు. అమెరికాలో అలా కాదు. ఇలాంటి కాలేజీ ఎవరి కిందా ఉండదు, తన పట్టా తనే ఇస్తుంది. యూనివర్సిటీకీ దానికీ ప్రధానమైన తేడా, యూనివర్సిటీలో ఎంఎస్, పీహెచ్‌డీ పిల్లలుంటారు, ఇలాంటి కాలేజీలో ఉండేది డిగ్రీ పిల్లలే. గ్రిన్నెల్లో మొత్తం 1,700 మంది అటూ ఇటూ. పెద్ద యూనివర్సిటీల్లో మొదటి ఏడాది లెక్కలు చాలా చోట్ల పీహెచ్‌డీ కుర్రాళ్లు చెప్తారు. ఇక్కడ ఆ కుర్రాళ్లే లేరు కాబట్టి ప్రొఫెసరే చెప్పాలి, ప్రొఫెసరే పేపరు దిద్దాలి, ల్యాబులో పరిశోధనకు సాయం కావాలన్నా మీ అమ్మాయిలాంటి డిగ్రీ పిల్లల్నే పిలవాలి. మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీల్లో ఒక సెక్షన్‌లో ఉండే పిల్లల లెక్క మీకు తెలుసు. అక్కడ తొమ్మిది మంది పిల్లలకు ఒక అధ్యాపకుడు పడతాడు.

దొంగ కాలేజీ అయితే ఎలా అన్న అనుమానం కూడా మీ ఉత్తరంలో అక్కడక్కడా కనపడింది. ఆ అనుమానం ఉండటమే మంచిది. ఏ అమెరికా కాలేజీకైనా గుర్తింపు సంస్థ ఏదో చూడాలి. ఐయోవా ప్రాంతంలో ఆ పని చేసే పెద్ద సంస్థ హయ్యర్ లెర్నింగ్ కమిషన్. గ్రిన్నెల్‌కు దాని గుర్తింపు ఉంది.

ఆ కాలేజీ ఎలా పుట్టిందో కూడా కొంచెం తెలుసుకోండి. చదువుల బేరం తెలిసిన జిల్లావాళ్లం కదా, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది మనకు ముఖ్యం. 1846లో ఐయోవా ఇంకా పూర్తి రాష్ట్రం కూడా కాలేదు, అది ఆ ఏడాది డిసెంబరులో అయింది. తూర్పు నుంచి వచ్చిన కొందరు క్రైస్తవ మతబోధకులు డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో కాలేజీ పెట్టాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. వాళ్లలో ఒకాయన, జేమ్స్ హిల్, ఒక వెండి డాలరు బల్ల మీద పెట్టి, కాలేజీకి ఇది నా చందా, దీన్ని కాపాడటానికి ధర్మకర్తల్ని వేసుకోండి అన్నాడట. అదీ పెట్టుబడి. పదేళ్లు దాటాక దాన్ని గ్రిన్నెల్ అనే కొత్త ఊరికి మార్చారు. ఊరు పెట్టినాయన జోసయా గ్రిన్నెల్, బానిసత్వానికి గట్టి వ్యతిరేకి. బానిసల విముక్తి కోసం ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్ 1859లో తన మనుషులతో వచ్చి ఆయన ఇంట్లోనే దిగాడు.

1882 జూన్ 17 రాత్రి ఊరి మీద సుడిగాలి పడింది. ఆ రోజుల్లో అక్కడివాళ్లు దాన్ని కూడా సైక్లోన్ అనేవారు. మన తుఫాను లాగా రెండు రోజులు ముందే కబురు పెట్టి సముద్రం మీంచి వచ్చే రకం కాదు, నిమిషాల్లో వచ్చి నిమిషాల్లో పోతుంది. పదుల సంఖ్యలో మనుషులు పోయారు, కాలేజీ భవనాలు నేలమట్టమయ్యాయి. గాలివాన అంటే ఏమిటో మీ కావలివాళ్లకు చెప్పక్కర్లేదు. ధర్మకర్తలు దాన్ని మూసెయ్యలేదు. చందాలు పోగుచేసి మళ్లీ కట్టుకున్నారు, అప్పుడు కట్టిన గుడ్‌నౌ హాలు ఇప్పటికీ ఉంది. 1909 దాకా దాని పేరు ఐయోవా కాలేజీ, తర్వాత ఊరి పేరే కాలేజీకి ఖాయమైంది. చర్చితో సంబంధం తర్వాత పోయింది, ఇప్పుడు ఏ మతానికీ చెందదు.

అంత మారుమూలకు విదేశీ పిల్లలు వెళ్లడం కొత్తేమీ కాదు. జపాన్ నుంచి సెన్ కటయామా అనే ఆయన పనులు చేసుకుంటూ చదివి 1892లో అక్కడ పట్టా తీసుకున్నాడు. తర్వాత తన దేశంలో కార్మిక నాయకుడై, జపాన్ కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. సుందరయ్యగారు పుట్టిన జిల్లాలో ఈ మాట ఊరికే పోదు, మీ వీధిలో పాత కామ్రేడ్లెవరైనా ఉంటే చెప్పండి, సంతోషిస్తారు.

నాయిస్ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1948లో హాస్టలు కుర్రాళ్లు హవాయి పద్ధతిలో విందు పెట్టుకుందామనుకున్నారు. విందుకు పంది కావాలి. నాయిస్, ఇంకో స్నేహితుడు రాత్రిపూట దగ్గర్లోని పొలంలోంచి ఒక పందిపిల్లను ఎత్తుకొచ్చారు. తెల్లారాక మనసు ఒప్పక, డబ్బిస్తామని చెప్పడానికి రైతు దగ్గరికి వెళ్లారు. ఆ రైతు ఎవరో కాదు, ఊరి మేయరు. ఐయోవాలో పశువుల దొంగతనం జైలుదాకా పోయే నేరం. ఫిజిక్స్ ప్రొఫెసర్ గ్రాంట్ గేల్, కాలేజీ ప్రెసిడెంటు అడ్డుపడి, ఒక సెమిస్టరు సస్పెన్షన్‌తో సరిపెట్టించారు. కుర్రాడు న్యూయార్క్ వెళ్లి ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు వేసి, తిరిగొచ్చి తన బ్యాచ్‌తోనే పట్టా తీసుకున్నాడు. ఆ గేల్ మాష్టారే, బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో, చిప్పులకు మూలమైన ట్రాన్సిస్టర్ పుట్టిందన్న వార్త చూసి, తనకు తెలిసినవాళ్లకు రాసి దాని కాగితాలు తెప్పించుకుని పిల్లలతో కూర్చుని చదివాడు. పెద్ద పెద్ద యూనివర్సిటీలు ఇంకా దాని జోలికి పోని రోజుల్లో, మొక్కజొన్న చేల మధ్య ఆ చిన్న కాలేజీలో అది చర్చకొచ్చింది. మాష్టారికి కుర్రాడి పేరు తెలుసు, కుర్రాడికి మాష్టారి ఇంటిదారి తెలుసు. నాకు ఆ కథలో కనపడేది అదే.

దీనితోనే మీ రెండో ప్రశ్నకూ జవాబు వస్తుంది. ప్రైవేటువాళ్లు ఊరికే డబ్బు ఎందుకిస్తారు? మనకు ప్రైవేటు అంటే ఓనరు ఉంటాడు, లాభం ఉంటుంది, బస్సు ఫీజు ఉంటుంది. అక్కడ ఇలాంటి కాలేజీకి ఓనరు ఉండడు, ధర్మకర్తలు ఉంటారు. లాభం పంచుకోరు. పాత విద్యార్థులిచ్చిన విరాళాలను మూలధనంగా పెట్టి, దానిమీద వచ్చే రాబడితో కాలేజీ నడుపుతారు. గ్రిన్నెల్ ధర్మకర్తల్లో జోసెఫ్ రోజెన్‌ఫీల్డ్ అనే లాయరు ఉండేవాడు, అక్కడి పాత విద్యార్థే. ఆయన స్నేహితుడు, పెట్టుబడుల్లో పేరుమోసిన వారెన్ బఫెట్‌ను కూడా 1968లో ధర్మకర్తగా తెచ్చాడు. అదే ఏడాది నాయిస్ ఇంటెల్ మొదలుపెడుతుంటే కాలేజీ అందులో వాటా కొంది. పందిని ఎత్తుకుపోయిన కుర్రాడి కంపెనీలో కాలేజీ డబ్బు! తర్వాత ఒక టీవీ స్టేషన్ కూడా కొని లాభానికి అమ్మారు. ఇప్పుడా మూలధనం రెండు వందల కోట్ల డాలర్ల పైమాట. గుడికి మాన్యం ఉన్నట్టు అనుకోండి. మాన్యం మీద ఫలసాయంతో దీపం వెలుగుతుంది. ఏడాదికి ఎనభై వేల డాలర్లు దాటే ఖర్చులో మీ అమ్మాయికి అంత తగ్గించగలిగింది అందుకే.

మన దగ్గర ఇలాంటి ఆలోచన లేదనుకోకండి. మీ ఊళ్లోనే ఉంది కదా. దొడ్ల రామచంద్రారెడ్డిగారు విశ్వోదయ సంస్థ పెట్టి, కావలిలాంటి చిన్న ఊళ్లో జవహర్ భారతి నడిపారు. విమర్శకుడు కె.వి. రమణారెడ్డిగారు అక్కడ పాఠం చెప్పారు. పట్నం కాని చోట మంచి అధ్యాపకుల్ని కూర్చోబెట్టి పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపడం, ఆ మాటకొస్తే గ్రిన్నెల్‌ది కూడా ఇదే కథ. తేడా మాన్యంలో, పట్టా ఇచ్చే అధికారంలో.

ఇక అక్కడ చదువు ఎలా సాగుతుందో. నాలుగేళ్లలో 124 క్రెడిట్లు పూర్తి చెయ్యాలి. మామూలుగా ఒక్కో కోర్సు నాలుగు క్రెడిట్లు, సెమిస్టరుకు నాలుగు కోర్సులు. ఇన్ని సైన్సులు, ఇన్ని భాషలు అని బలవంతం లేదు. అందరూ తప్పనిసరిగా తీసుకోవాల్సింది ఒక్కటే, మొదటి సెమిస్టరులో ట్యుటోరియల్. పన్నెండు మంది దాకా పిల్లలు ఒక ప్రొఫెసర్ దగ్గర కూర్చుని ఏదో ఒక విషయం మీద చదవడం, రాయడం, వాదించడం నేర్చుకుంటారు. ఆ ప్రొఫెసరే మీ అమ్మాయికి సలహాదారు. మేజర్ ఎంచుకునే దాకా ఏ కోర్సు తీసుకోవాలన్నా ఆయనతో మాట్లాడాలి. "రెండో ఏడాది చివర్లో చెప్తాను" అని మీ అమ్మాయి అన్నది తప్పించుకునే మాట కాదు, అక్కడి పద్ధతే అది. ఇంజనీరింగ్ చదవాలని వెళ్లి సంగీతంలో పట్టా పట్టుకొచ్చినవాడూ ఉన్నాడు, 1960 బ్యాచ్. పేరు హెర్బీ హాంకాక్, జాజ్ సంగీతం వినేవాళ్లకు దేవుడు. ఇది మీకు ధైర్యమిస్తుందో భయపెడుతుందో నాకు తెలీదు.

మీ పిల్లకు అక్కడ కష్టమయ్యేది సబ్జెక్టు కాదు. మన పిల్లలు లెక్కల్లో ముందే ఉంటారు. కష్టం రెండు చోట్ల. ఒకటి, క్లాసులో నోరు విప్పాలి. నిన్నిచ్చిన నలభై పేజీలు చదివొచ్చి, రచయిత చెప్పింది ఎక్కడ కుదరలేదో చెప్పాలి. "సార్ చెప్పిందే కరెక్ట్" అని కూర్చుంటే మార్కులు పోతాయి. ప్రొఫెసర్ గదికి ఆఫీస్ అవర్స్‌లో, అంటే పిల్లల కోసం ఆయన కేటాయించే గంటల్లో, ఊరికే వెళ్లి మాట్లాడాలి. మన పిల్లలు స్టాఫ్ రూమ్‌కు వెళ్లేది తప్పు చేసినప్పుడే కదా, ఆ బెరుకు పోవడానికి ఒక ఏడాది పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. మన దగ్గర సీనియర్ రికార్డు చూసి రికార్డు రాయడం అందరూ చేసేదే, లెక్చరర్లమూ చూసీచూడనట్టు సంతకం పెడతాం. అక్కడ నాలుగు వాక్యాలు ఎక్కడినుంచో తెచ్చి పేరు చెప్పకుండా పెట్టుకుంటే దొంగతనం. కమిటీ ముందు నిలబడాలి, సెమిస్టరు పోవచ్చు, సెమిస్టరు పోతే వీసా చిక్కు. బయల్దేరే ముందు ఈ ఒక్కటీ ఆమెకు గట్టిగా చెప్పండి.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. బీఏ అని రాసున్నా అమెరికా ప్రభుత్వం చూసేది సబ్జెక్టు కోడ్‌ను. కంప్యూటర్ సైన్స్, గణితం లాంటివి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) లెక్కలోకి వస్తాయి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదివినవాళ్లకు చదువయ్యాక 12 నెలలు అక్కడ పని చేసే వీలుంటుంది, స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు. చరిత్ర ఒక్కటే చదివితే ఆ 24 నెలలు రావు. లెక్కలూ చరిత్రా రెండూ మేజర్లుగా చదవడం అక్కడ మామూలే, మీ అమ్మాయికి సరిపోయేది కూడా అదే అనిపిస్తోంది. ఆ పైన హెచ్-1బి అనే ఉద్యోగ వీసా లాటరీ. దాన్ని నమ్ముకుని ఇంటి కాగితాలు తాకట్టు పెట్టకండి. వీసా నిబంధనలు మారుతూనే ఉంటాయి, తేదీ చూసి సర్కారు సైటులోనే చదవండి, కన్సల్టెన్సీవాళ్ల వాట్సాప్ మెసేజీలు కాదు. వెనక్కి వచ్చి మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగానికో, పీజీకో పోవాలంటే సమానత్వ సర్టిఫికెట్ తీసుకోవాలి. నాలుగేళ్ల గుర్తింపు పొందిన డిగ్రీకి అది పెద్ద ఇబ్బంది కాదు.

ఊరు చిన్నదే. 2020 లెక్కల ప్రకారం 9,564 మంది. మీ కావలిలో ఒక మూలకు సరిపోతుంది. పిల్లలంతా దాదాపు క్యాంపస్‌లోనే ఉంటారు. రాత్రి పన్నెండింటికి లైబ్రరీ నుంచి నడిచి రూముకు వెళ్లడం అక్కడ విశేషం కాదు. భద్రత కంటే నాకు చలి గురించే దిగులు. జనవరిలో ఒక్కోసారి సున్నా కింద ఇరవై డిగ్రీలు. నెల్లూరు పిల్లకు డిసెంబరులో ఫ్యాను ఆపడమే చలికాలం! కోటు ఇక్కడ కొనకండి, ఇక్కడి కోటు అక్కడ చాలదు. తెలుగువాళ్లు, పప్పూ సాంబారూ కావాలంటే గంట ప్రయాణం చేసి డి మొయిన్ వెళ్లాలి. మొదటి నవంబరులో ఫోన్ చేసి ఏడుస్తుంది. ఆ ఫోనుకు "తిరిగొచ్చెయ్" అని జవాబు చెప్పకుండా ఉండటానికి మీ ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి.

ఇంతా చెప్పి, ఒకవేళ ఎనిమిది లక్షలు షాపు మీద భారమైతే ఊరికే లాగొద్దు. రొటేషన్‌లో ఉన్న డబ్బు వేరు, మిగులు వేరు, షాపువాళ్లకు నేను చెప్పేదేముంది. ఇలాంటి చదువే మనకు దగ్గర్లోనూ మొదలైంది. తడ దగ్గర శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ 2018లో వచ్చింది. బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ, హర్యానాలో అశోకా ఉన్నాయి. ఫీజులు తక్కువేం కావు కానీ వాటిల్లోనూ ఆదాయాన్ని బట్టి సాయం ఉంటుంది. కావలి నుంచి రైలెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చే దూరంలో శ్రీసిటీని చూసి రావచ్చు. అమ్మాయిని తీసుకుని ఒకరోజు వెళ్లండి. అలాంటి క్లాసులో పిల్లలు ఎలా కూర్చుంటారో మీ కళ్లతో చూస్తే, ఎక్కడ చదివినా సరే, ఈ చదువేంటో మీకు సగం అర్థమవుతుంది.

అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి, బ్రాంచి గురించి కాదు. "మొదటి సెమిస్టరులో నాలుగు కోర్సులు ఏం తీసుకుంటావు, ఎందుకు" అని. కోర్సుల పట్టిక కాలేజీ సైటులో అందరికీ కనపడేలా ఉంటుంది. ఆమె కూర్చుని నాలుగు రాసి, ఒక్కోదానికి రెండు మాటలు కారణం చెప్పగలిగితే పంపించండి. "అమెరికా కదా నాన్నా" అన్నది ఒక్కటే జవాబైతే మీ బావమరిదిగారి మాట వినండి. చెన్నై కాన్సులేట్‌లో వీసా ఆఫీసరు కూడా "ఈ కాలేజీయే ఎందుకు" అనే అడుగుతాడు. అప్పుడు పక్కన మీరుండరు.

చివరగా డబ్బు కాగితం. వాళ్లు పంపిన ఉత్తరంలో సాయాన్ని విడివిడిగా రాసుంటారు. గ్రాంటు ఎంత, అప్పు ఎంత, క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకోవాల్సింది ఎంత అని. ఈ మూడూ ఒకటి కావు. పని అంటే వారానికి ఇరవై గంటలు మించకూడదు, ఆ డబ్బు ముందే చేతికి రాదు. ఏటా ఫీజు పెరిగితే సాయం పెరుగుతుందా, నాలుగేళ్లూ వస్తుందా, ఆరోగ్య బీమా, విమానం ఛార్జీలు అందులో ఉన్నాయా అని మెయిల్ పెట్టించండి. అమ్మాయి చేతే రాయించండి, వాళ్లు మర్యాదగా జవాబిస్తారు. మీ ఎనిమిది లక్షలు ఈనాటి డాలరు రేటు ప్రకారం వేసిన లెక్క. నాలుగో ఏటికి రేటు పెరుగుతుందనుకుని ఇంకో పది శాతం పక్కన పెట్టుకోండి.

ఒప్పుకోవడానికి మామూలుగా మే 1 గడువు ఉంటుంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు మీ ఇంటావిడ చదువు రొట్టె పట్టుకున్నారని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు, చూశాను. ఆ సాయం ఉత్తరంలో ఏటేటా కొనసాగింపు గురించి రాసిన పేరా ఒకటుంటుంది. పేర్లు, నంబర్లు కనపడకుండా ఫోటో తీసి ఈ వారంలో పంపండి. చదివి, అందులో మెలికలేమైనా ఉంటే గడువు లోపే రాస్తాను.